మూడు డొమైన్లు, ఒకే సర్వర్: యూఆర్ఎల్ రీరైటింగ్‌లో నా అనుభవం

తిరుపతిలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. చుట్టుపక్కల వ్యాపారాలకు కావలసిన వెబ్ అప్లికేషన్లు జావాలో రాసి, అన్నిటినీ ఒకే అద్దె సర్వర్ మీద నడుపుతాం. ముందు అపాచీ (బయటి నుంచి వచ్చే రిక్వెస్టులను అందుకునే వెబ్ సర్వర్), దాని వెనక టాంక్యాట్ (జావా అప్లికేషన్లను నడిపే సర్వర్). చాలాకాలం అన్నీ మా ఆఫీసు డొమైన్ కిందే ఉండేవి. చివర /మండీ అని కొడితే దామలచెరువు మామిడికాయల మండీ లెక్కలు, /టోకెన్ అంటే చిత్తూరు దగ్గరి పల్ప్ ఫ్యాక్టరీలో గేటు టోకెన్లు, /హాస్టల్ అంటే తిరుపతిలోనే ఒక లేడీస్ హాస్టల్ ఫీజులు.

పోయిన మామిడి సీజన్‌కు ముందు మండీ యజమాని ఫోన్ చేశాడు. "తమ్ముడూ, కాటా చీటీ మీద మీ ఆఫీసు పేరు ఉండాది. రైతు దాన్ని చూసి ఇదెవురిదని అడగతాడు. నా మండీ పేరుతోనే రావాల" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. తోతాపురి కాయలు ట్రాక్టర్‌లో వేసుకొచ్చిన రైతుకు ఆ చీటీయే ఆధారం. దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే బరువు, ధర, కమీషన్ కనిపిస్తాయి. అక్కడ తెలియని పేరు కనిపిస్తే అనుమానం రావడం సహజం. అదే నెలలో మిగతా ఇద్దరు కూడా సొంత డొమైన్లు కొనుక్కున్నారు. మూడు పేర్లనూ ఒకే సర్వర్‌లోని మూడు అప్లికేషన్లకు కలిపే పని నాకు వచ్చింది.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట ముందే చెప్పాలి. లోపలికి వచ్చే అడ్రస్‌ను మార్చడానికి (దీన్నే యూఆర్ఎల్ రీరైటింగ్ అంటారు) రెండు లైన్లు చాలు. అప్లికేషన్ నుంచి బయటికి వెళ్ళేవాటిలో పాత అడ్రస్ ఎక్కడెక్కడ దాగి ఉందో వెతికి పట్టుకోవడానికే సమయమంతా పడుతుంది.

మూడు డొమైన్ల 'ఏ' రికార్డులూ (డొమైన్ పేరుకు ఐపీ ఏదో చెప్పే నమోదులు) ఒకే ఐపీ అడ్రస్‌ను చూపిస్తాయి. మరి వచ్చిన రిక్వెస్ట్ ఎవరికోసమో సర్వర్‌కు ఎలా తెలుస్తుంది? బ్రౌజర్ రిక్వెస్ట్‌తో పాటు పంపే, ఏ డొమైన్ కావాలో చెప్పే హోస్ట్ హెడర్ వల్ల. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ఈ హెడర్‌ను తప్పనిసరి చేసింది. నాలుగు కుటుంబాలున్న ఇంటికి ఉత్తరం వస్తే పేరు చూసి ఇచ్చినట్టు, అపాచీ ఆ హెడర్‌లోని పేరు చూసి తగిన వర్చువల్‌హోస్ట్‌కు (ఒక్కో డొమైన్ కోసం విడిగా రాసిన సెట్టింగుల భాగానికి) అప్పగిస్తుంది. అక్కడిదాకా చిక్కేమీ లేదు.

మొదట టెస్ట్ సర్వర్‌లో అందరూ చెప్పే పద్ధతే పెట్టి చూశాం. అంటే అడ్రస్‌లను రూల్స్ ప్రకారం మార్చే, అపాచీలోని మాడ్ రీరైట్ అనే మాడ్యూల్. రాల్ఫ్ ఎంగెల్‌షాల్ దీన్ని 1996లో రాసి, మరుసటి ఏడాది అపాచీ బృందానికి ఇచ్చేశాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇది చేయలేని పని తక్కువ. మా రూల్ ఇది: హోస్ట్ పేరు మండీ డొమైన్ అయితే, వచ్చిన పాత్ ముందు /మండీ చేర్చి, 127.0.0.1లోని (అంటే ఇదే సర్వర్‌లోని) 8080 పోర్టులో ఉన్న టాంక్యాట్‌కు ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా ఉండి పంపు. షరతు చెప్పే ఒక రీరైట్‌కాండ్, మార్పు చెప్పే ఒక రీరైట్‌రూల్, చివర ప్రాక్సీ చేయమనే 'పీ' ఫ్లాగ్.

పేజీ వచ్చింది. కానీ రంగుల్లేవు, బొమ్మల్లేవు, అక్షరాలన్నీ ఎడమపక్క ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి. కారణం వెంటనే అర్థమైంది. జావాలో రాసిన మా జేఎస్‌పీ పేజీలు, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ ఫైలు అడ్రస్‌ను కాంటెక్స్ట్ పాత్‌తో (టాంక్యాట్‌లో ఆ అప్లికేషన్ ఉండే పాత్, ఇక్కడ /మండీ) కలిపి రాస్తాయి. అంటే బ్రౌజర్ కొత్త డొమైన్‌లో /మండీ/సీఎస్ఎస్ అని అడుగుతుంది. మన రూల్ దాని ముందు ఇంకో /మండీ చేరుస్తుంది. /మండీ/మండీ/సీఎస్ఎస్ అనే ఫైలు ఎక్కడా లేదు కాబట్టి 404, అంటే దొరకలేదనే జవాబు. పాత్ ముందే /మండీతో మొదలైతే మళ్ళీ చేర్చొద్దని ఇంకో షరతు రాస్తే పేజీ సరిగ్గా కనిపించింది.

తర్వాత రీడైరెక్ట్, అంటే బ్రౌజర్‌ను వేరే అడ్రస్‌కు పొమ్మని చెప్పడం. లాగిన్ కాని మనిషి వస్తే అప్లికేషన్ లాగిన్ పేజీకి పొమ్మని లొకేషన్ హెడర్ పంపుతుంది. అందులో ఉండేది లోపలి అడ్రస్. దాన్ని సరిచేయడానికి ప్రాక్సీపాస్‌రివర్స్ ఉంది. లొకేషన్‌లోని అడ్రస్ మనం చెప్పిన లోపలి అడ్రస్‌తో సరిపోలితే, దాన్ని బయటి అడ్రస్‌గా మార్చి బ్రౌజర్‌కు ఇస్తుంది. ఇది హెడర్లనే మారుస్తుంది, పేజీలోని హెచ్‌టీఎంఎల్‌ను ముట్టుకోదు. రీరైట్‌రూల్‌లో 'పీ' ఫ్లాగ్ వాడినా సరే, ఈ లైను మనం విడిగా రాయాల్సిందే.

అసలు చిక్కు కుకీ (సర్వర్ బ్రౌజర్ దగ్గర దాచిపెట్టే చిన్న గుర్తు) దగ్గర వచ్చింది. మా ఆఫీసులో టెస్టింగ్ చూసే అమ్మాయి, "అన్నా, పాస్‌వర్డ్ కరెక్టే. తప్పని కూడా చెప్పడం లేదు. కానీ లాగిన్ పేజీ మళ్ళీ వస్తా ఉంది" అంది. సర్వర్ లాగ్‌లో లాగిన్ విజయవంతం అనే ఉంది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి రెస్పాన్స్ హెడర్లు ఒక్కొక్కటే చూశాం. సెట్ కుకీ లైనులో జెసెషన్‌ఐడీ (లాగిన్ అయిన మనిషిని గుర్తుపట్టే కుకీ), దాని పక్కన పెద్ద సంఖ్య, సెమీకోలన్, ఆ తర్వాత పాత్ = /మండీ. అక్కడ ఉంది విషయం. టాంక్యాట్ సెషన్ కుకీకి అప్లికేషన్ కాంటెక్స్ట్ పాత్‌నే పాత్‌గా పెడుతుంది. బ్రౌజర్ కుకీని తీసుకుని దాచుకుంటుంది, కానీ /మండీతో మొదలయ్యే అడ్రస్‌లకు మాత్రమే తిరిగి పంపుతుంది. కొత్త డొమైన్‌లో హోమ్ పేజీ అడ్రస్ వట్టి స్లాష్. దానికి కుకీ వెళ్ళదు. కుకీ లేదు కాబట్టి టాంక్యాట్ దృష్టిలో ప్రతి క్లిక్కూ కొత్త మనిషిదే. మళ్ళీ లాగిన్ పేజీ.

దీనికీ అపాచీలో మందు ఉంది. ప్రాక్సీపాస్‌రివర్స్‌కుకీపాత్ అనే డైరెక్టివ్ కుకీ పాత్‌ను /మండీ నుంచి స్లాష్‌కు మారుస్తుంది. పెట్టాం, లాగిన్ నిలబడింది.

అన్నీ పనిచేస్తున్నాయి కదా, ఇంకేం అనిపించొచ్చు. నాకు మాత్రం ఈ పద్ధతి నచ్చలేదు. పాత్ లోపల ఒకటి, బయట ఒకటి అయినంత కాలం లింకులకు ఒక మందు, రీడైరెక్ట్‌కు ఒకటి, కుకీకి ఒకటి వేస్తూనే ఉండాలి. రేపు ఎవరైనా జావాస్క్రిప్ట్‌లో ఒక అడ్రస్ రాస్తే అది ఈ మూడింటికీ అందదు. జూన్‌లో దామలచెరువులో కాయల బళ్ళు బారులు తీరి ఉన్నప్పుడు అలాంటిది బయటపడితే దెబ్బ తగిలేది రైతుకు. మాడ్ రీరైట్‌ను ఎప్పుడు వాడకూడదో చెప్పడానికి అపాచీ డాక్యుమెంటేషన్‌లోనే ప్రత్యేకంగా ఒక పేజీ ఉంది. మామూలు ప్రాక్సీకి 'పీ' ఫ్లాగ్ కంటే ప్రాక్సీపాస్ (ఒక పాత్‌కు వచ్చేవాటిని వెనక సర్వర్‌కు పంపే డైరెక్టివ్) మేలని, దాంతో కనెక్షన్లను తిరిగి వాడుకోవచ్చని కూడా వాళ్ళే చెబుతారు. ఆ పేజీ చదివాక నా నిర్ణయం గట్టిపడింది.

మార్చాల్సింది టాంక్యాట్ వైపు. టాంక్యాట్ సెట్టింగులుండే సర్వర్ ఎక్స్ఎంఎల్ ఫైలులో డొమైన్‌కు ఒక హోస్ట్ ఎలిమెంట్ రాశాం. ఒక్కోదానికి వేరే యాప్‌బేస్ ఫోల్డర్ (అప్లికేషన్లు ఉండే చోటు), అందులో అప్లికేషన్ వార్ ఫైలును (అప్లికేషన్ మొత్తం ఉండే ప్యాకేజీని) రూట్ అనే పేరుతో పెట్టడం. రూట్ అంటే కాంటెక్స్ట్ పాత్ ఖాళీ. అప్పుడు లోపలా స్లాష్, బయటా స్లాష్. యాప్‌బేస్ ఫోల్డర్ మాత్రం తప్పకుండా వేరువేరుగా ఉండాలి. రెండు హోస్ట్‌లకు ఒకటే ఫోల్డర్ చూపిస్తే ఒకే అప్లికేషన్ రెండుసార్లు లోడ్ అయ్యి మెమరీ తింటుంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరు కోసం హోస్ట్ లోపల అలియాస్, అంటే మారుపేరు రాస్తే సరి.

అపాచీ వైపు ఇక మిగిలింది చాలా తక్కువ. డొమైన్‌కు ఒక వర్చువల్‌హోస్ట్, అందులో ప్రాక్సీపాస్, ప్రాక్సీపాస్‌రివర్స్, వాటితో పాటు ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ ఆన్. ఈ చివరిదే ప్రాణం. ఇది లేకపోతే అపాచీ వెనక్కి పంపేటప్పుడు హోస్ట్ హెడర్‌లో 127.0.0.1 అని రాస్తుంది. టాంక్యాట్‌కు ఏ డొమైనో తెలియక, అన్ని రిక్వెస్టులనూ డిఫాల్ట్ హోస్ట్‌కే తోసేస్తుంది. ఇది పెట్టాక /మండీ అనే మాటే అడ్రస్‌లో ఎక్కడా లేకుండా పోయింది. కుకీకి వేసిన మందు, లింకులకు వేసిన షరతు రెండూ తీసేశాం.

అయితే రీరైటింగ్ అవసరం పూర్తిగా పోలేదు. దాన్ని నిజంగా వాడుకున్నది పాత అడ్రస్‌ల కోసమే. అప్పటికే రైతుల జేబుల్లో, ఇళ్ళల్లో ఉన్న చీటీల మీది క్యూఆర్ కోడ్‌లన్నీ మా ఆఫీసు డొమైన్‌ను చూపిస్తాయి. పైకం పూర్తిగా అందేదాకా రైతు ఆ చీటీని పారేయడు. ఆ కోడ్ స్కాన్ చేస్తే 404 రావడం నేను ఒప్పుకోలేను. కాబట్టి పాత డొమైన్‌లో /మండీ తర్వాత ఏముందో పట్టుకుని, దాన్ని కొత్త డొమైన్‌కు రీడైరెక్ట్ చేసే రూల్ రాశాం. చీటీ నంబరు క్వెరీ స్ట్రింగ్‌లో, అంటే అడ్రస్‌లో ప్రశ్నగుర్తు తర్వాతి భాగంలో ఉంటుంది. రూల్‌లో మనం కొత్తగా ప్రశ్నగుర్తు పెట్టనంతవరకు, క్వెరీ స్ట్రింగ్ దానంతటదే కొత్త అడ్రస్‌కు వెళ్తుంది.

ఇక్కడ ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది, రీడైరెక్ట్‌కు మొదట 302 (తాత్కాలికం) పెట్టండి. 301 అంటే శాశ్వతం అని అర్థం, బ్రౌజర్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. రూల్‌లో ఏదైనా తేడా ఉంటే మనం సర్వర్‌లో సరిచేసినా రైతు ఫోన్ మాత్రం పాత దారిలోనే పోతుంది. అంతా సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాకే 301కి మార్చాం.

పాత లింకు నుంచి ఎంతమంది వస్తున్నారో తెలిస్తే మంచిదని, రీడైరెక్ట్ చివర ఒక చిన్న గుర్తు కలిపి చూశాం. వెంటనే ఊరి పేరుతో వెతికే లింకులు ఖాళీ ఫలితాలు చూపించాయి. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా ఒక్కోటి 3 బైట్లు. పాకాల అనే పేరులో 3 అక్షరాలు, 2 దీర్ఘాలు, మొత్తం 15 బైట్లు. అడ్రస్‌లో ఒక్కో బైటూ శాతం గుర్తుతో మొదలవుతుంది. క్వెరీ స్ట్రింగ్‌ను మనం మార్చితే అపాచీ దాన్ని మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది. ఆ శాతం గుర్తు కాస్తా శాతం 25 అవుతుంది. అప్లికేషన్‌కు చేరేది పాకాల కాదు, అర్థం లేని అక్షరాల వరస. రూల్ చివర 'ఎన్ఈ' ఫ్లాగ్ కలిపితే రెండోసారి ఎన్‌కోడ్ చేయదు. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. మనవాళ్ళు తెలుగులో వెతుకుతారు కాబట్టి టెస్ట్ కూడా తెలుగులోనే చేయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి కాటా దగ్గరిది. మండీలో కాటా పక్కన ఉండే కంప్యూటర్‌లోని చిన్న సాఫ్ట్‌వేర్, బండి బరువు రాగానే పాత అడ్రస్‌కు పోస్ట్ చేస్తుంది, అంటే సమాచారాన్ని లోపల పెట్టి పంపుతుంది. ఆ అడ్రస్ సాఫ్ట్‌వేర్ లోపలే రాసేసి ఉంది, సీజన్ మధ్యలో మార్చే వీలు లేదు. పోస్ట్ రిక్వెస్ట్‌కు 301 కానీ 302 కానీ ఇస్తే చాలా బ్రౌజర్లు, ప్రోగ్రామ్‌లు దాన్ని గెట్‌గా (పేజీని అడగడం మాత్రమే) మార్చి పంపుతాయి, లోపలున్న బరువు పోతుంది. 307, 308 అనే రీడైరెక్ట్ కోడ్‌లు అయితే పోస్ట్ పోస్ట్‌గానే ఉంటుంది, కానీ కాటా సాఫ్ట్‌వేర్ అసలు రీడైరెక్ట్‌లనే పట్టించుకోదు. అందుకని మెథడ్ పోస్ట్ అయి, పాత్ కాటాది అయితే రీడైరెక్ట్ చేయకుండా లోపలి నుంచే కొత్త అప్లికేషన్‌కు పంపే రూల్ రాసి, దాన్ని రీడైరెక్ట్ రూల్ కంటే పైన పెట్టాం. టాంక్యాట్ హోస్ట్ పేరు చూసే అప్లికేషన్‌ను ఎంచుకుంటుంది కాబట్టి, సర్వర్‌లోని హోస్ట్స్ ఫైలులో (పేర్లకు ఐపీలు రాసుకునే ఫైలు) మండీ డొమైన్‌ను 127.0.0.1కు కట్టి, ఆ పేరుతోనే 8080కి పంపాం. పాత డొమైన్ వర్చువల్‌హోస్ట్‌లో మాత్రం ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ ఆఫ్‌లో ఉంచాం. కాటా దగ్గర ఎవరికీ ఏ మార్పూ తెలియలేదు.

రూల్స్ రాసేటప్పుడు ఒకటి మనసులో ఉంచుకోవాలి. రీరైట్‌కాండ్ తన కింద వచ్చే మొదటి రీరైట్‌రూల్‌కే వర్తిస్తుంది. రెండో రూల్‌కూ అదే షరతు కావాలంటే మళ్ళీ రాయాలి. ఏ రూల్ ఎక్కడ తగిలిందో తెలియకపోతే, అపాచీ 2.4లో లాగ్‌లెవెల్ దగ్గర రీరైట్‌కు ట్రేస్ 3 పెట్టి ఎర్రర్ లాగ్ చూడండి. అడ్రస్ ఒక్కో మెట్టులో ఎలా మారుతోందో లైను లైనుగా కనిపిస్తుంది. పని అయ్యాక దాన్ని తీసేయాలి, లేకపోతే లాగ్ ఫైలు ఉబ్బిపోతుంది.

డీఎన్ఎస్ (డొమైన్ పేరు నుంచి ఐపీని చెప్పే వ్యవస్థ) గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మార్పుకు ముందురోజే టీటీఎల్ (పాత ఐపీని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే విలువ) 300 సెకన్లకు తగ్గించాం. డొమైన్ మారకముందే కర్ల్‌లో (రిక్వెస్టులు పంపి చూసే కమాండ్ టూల్) రిజాల్వ్ ఆప్షన్ వాడి, కొత్త పేరును మా ఐపీకి కట్టి అన్నీ పరీక్షించుకున్నాం.

మండీ యజమాని తెలుగు లిపిలో, చివర .భారత్ ఉండే డొమైన్ కూడా ఒకటి తీసుకున్నాడు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది. బోర్డు మీద పూర్తిగా తెలుగులో అడ్రస్ ఉంటే చూడ్డానికి ఎంత బాగుంటుంది! బ్రౌజర్‌లో తెలుగులో కనిపించినా హోస్ట్ హెడర్‌లో మాత్రం ఎక్స్ఎన్, రెండు హైఫన్లతో మొదలయ్యే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే ప్యూనీకోడ్ రూపమే వస్తుంది. కాబట్టి సర్వర్‌అలియాస్‌లోనూ, టాంక్యాట్ అలియాస్‌లోనూ ఆ రూపమే రాయాలి. తెలుగు అక్షరాలే నేరుగా టైప్ చేస్తే పేరు సరిపోలదు.

హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్ల కోసం, వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడాం. డొమైన్ మనదేనని రుజువు చేయడానికి వాళ్ళ సర్వర్ 80 పోర్టులో వెల్‌నోన్ అనే ఫోల్డర్‌లోని ఫైలును అడుగుతుంది. మన ప్రాక్సీపాస్ అన్నిటినీ టాంక్యాట్‌కే పంపిస్తే ఆ ఫైలు దొరకదు, సర్టిఫికెట్ రాదు. ఆ ఒక్క పాత్‌కు ఆశ్చర్యార్థకం గుర్తుతో మినహాయింపు ఇచ్చే ప్రాక్సీపాస్ లైనును, మిగతా ప్రాక్సీపాస్ కంటే ముందు రాయాలి. ఈ సర్టిఫికెట్ల గడువు 90 రోజులు. అంటే మినహాయింపు తీసేస్తే సమస్య వెంటనే కనిపించదు, సరిగ్గా సీజన్ మధ్యలో కనిపిస్తుంది. అందుకే ఆ లైను పైన ఎందుకుందో కామెంట్ రాసి పెట్టాం.

హెచ్‌టీటీపీఎస్ రాగానే టోకెన్ అప్లికేషన్ గిరగిరా తిరగడం మొదలైంది. ఆ పల్ప్ ఫ్యాక్టరీ అప్లికేషన్ హెచ్‌టీటీపీఎస్ లేకపోతే రానివ్వదు. ఎన్‌క్రిప్షన్ అపాచీ దగ్గరే విడిపోతుంది కాబట్టి, టాంక్యాట్‌కు చేరేది మామూలు హెచ్‌టీటీపీ. హెచ్‌టీటీపీఎస్‌లో రమ్మని అది రీడైరెక్ట్ చేస్తుంది, బ్రౌజర్ మళ్ళీ అలాగే వస్తుంది, అది మళ్ళీ అదే చెబుతుంది. చివరికి బ్రౌజర్ రీడైరెక్ట్‌లు మరీ ఎక్కువయ్యాయని చేతులెత్తేస్తుంది. 443 (హెచ్‌టీటీపీఎస్ పోర్టు) వర్చువల్‌హోస్ట్‌లో, బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్‌లోనే వచ్చిందని చెప్పే ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్ పంపి, టాంక్యాట్‌లో అలాంటి హెడర్లను చదివే రిమోట్ ఐపీ వాల్వ్ పెట్టి ఆ హెడర్ పేరు చెప్పాం. ఇంకో లాభం కూడా కలిగింది. అంతకుముందు ఎవరు టోకెన్ రద్దు చేసినా 127.0.0.1 అనే నమోదయ్యేది, ఇప్పుడు అసలు ఐపీ పడుతోంది.

భద్రత విషయంలో రెండు పనులు తప్పకుండా చేయాలి. 8080ని 127.0.0.1కు మాత్రమే పరిమితం చేయాలి, లేకపోతే బయటివాళ్ళు అపాచీని దాటుకుని నేరుగా టాంక్యాట్‌ను తట్టగలరు. 8009లోని ఏజేపీ (అపాచీ, టాంక్యాట్ మాట్లాడుకునే ఇంకో దారి) వాడకపోతే మూసేయాలి, 2020లో బయటపడ్డ ఘోస్ట్‌క్యాట్ లోపం దాని ద్వారానే. ఇక అపాచీలో మొదట లోడ్ అయ్యే వర్చువల్‌హోస్టే డిఫాల్ట్. ఎవరైనా ఉత్త ఐపీ కొట్టి వచ్చినా, మనకు తెలియని డొమైన్‌ను మన ఐపీకి కట్టినా అదే తెరుచుకుంటుంది. మాకు అక్షర క్రమంలో హాస్టల్ ఫైలు మొదట వచ్చేది. అమ్మాయిల ఫీజుల లాగిన్ పేజీ ఏ పేరుతో వచ్చినవాళ్ళకైనా కనిపించడం నాకు ఇష్టం లేదు. అన్నిటికంటే ముందు 403 (అనుమతి లేదు) ఇచ్చే ఖాళీ వర్చువల్‌హోస్ట్ ఒకటి పెట్టాం. అపాచీసీటీఎల్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇస్తే ఏది డిఫాల్టో, ఏ పేరు ఏ ఫైలుకు వెళ్తుందో వరసగా చూపిస్తుంది. కాన్ఫిగ్ మార్చినప్పుడల్లా దాన్ని చూశాకే రీలోడ్ చేస్తాం.

హాస్టల్ అప్లికేషన్ ఒక్కటే రూట్‌కు మారలేదు. అది పాత కోడ్, జావాస్క్రిప్ట్ ఫైళ్ళ నిండా /హాస్టల్ అని నేరుగా రాసి ఉంది. దాన్ని రీరైట్‌తో దాచే ప్రయత్నం చేయలేదు. కొత్త డొమైన్‌లో కూడా /హాస్టల్ పాత్‌ను అలాగే ఉంచి, వట్టి స్లాష్‌కు వచ్చినవాళ్ళను మాత్రం అక్కడికి పంపే రీడైరెక్ట్ ఒక లైను రాశాం. లోపలా బయటా పాత్ ఒకటే కాబట్టి కుకీ, లింకులు ఏవీ చెడలేదు. హాస్టల్ నడిపే మేడంకు ఫోన్ చేసి, అడ్రస్ చివర ఆ మాట కనిపిస్తుందని ముందే చెప్పాను. "ఉంటే ఉండనీ నాయనా, పిల్లలు ఫీజు కట్టేదానికి ఇబ్బంది లేకుంటే చాలు" అన్నారు. వేసవి సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయినప్పుడు ఆ జావాస్క్రిప్ట్ ఫైళ్ళు సరిచేసి, దాన్నీ రూట్‌కు మారుస్తాం. అప్పటిదాకా ఆ లైను అలాగే ఉంటుంది.